‘ది బటర్‌ఫ్లై’: నిలకడలేని ఫిడేలు నుంచి కదలని బాణీ దాకా

ఐరిష్ సంప్రదాయ సంగీతంలో స్లిప్ జిగ్ అనే నాట్య బాణీ అంటే ఏమిటని అడిగితే చాలామంది వాయించి చూపించే బాణీ ‘ది బటర్‌ఫ్లై’. అక్కడ వాద్యగాళ్లు ఒక బల్ల చుట్టూ చేరి వాయించుకునే కూడికను సెషన్ అంటారు. డబ్లిన్‌లోనైనా బోస్టన్‌లోనైనా సెషన్‌లో ఒకరు ఈ బాణీ ఎత్తుకుంటే, మొదటి నాలుగు ఆవర్తాలు పూర్తయ్యేలోపే మిగతావాళ్లంతా అందుకుంటారు. ఫిడేలు, వేణువు, టిన్ విజిల్ (రేకు పిల్లనగ్రోవి), పైపులు, వాద్యం ఏదైనా అవే స్వరాలు, అదే వరస.

ఈ బాణీతో ముడిపడిన పేరు టామీ పాట్స్. 1912లో పుట్టి 1988లో కన్నుమూసిన డబ్లిన్ ఫిడేలు విద్వాంసుడు. చేతికి వచ్చిన ప్రతి బాణీనీ విప్పి మళ్లీ కట్టడం ఆయన పద్ధతి. ఎనిమిది ఆవర్తాల చట్రాన్ని ఒకచోట సాగదీసేవారు, ఇంకోచోట కుదించేవారు, తాళం ఎక్కడ పడుతుందా అని వినేవాడు ఎదురుచూస్తుంటే అక్కడ పడనిచ్చేవారు కాదు. అలాంటి మనిషి పేరు మీద నిలిచిన బాణీయే ఇవాళ సెషన్లలో కదలకుండా కూర్చున్న బాణీల్లో ఒకటైంది. ఇలా జరగడానికి కారణం సగం బాణీ కట్టడంలో ఉంది, సగం అది నడిచొచ్చిన దారిలో ఉంది.

తొమ్మిది అయినా సంకీర్ణం కాదు

స్లిప్ జిగ్ 9/8లో నడుస్తుంది. కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవి తొమ్మిది అనగానే సంకీర్ణం వైపు పోతుంది. 4+5గా విరిచి ‘తకధిమి తకతకిట’ అని లెక్కపెట్టబోతుంది. ఆ లెక్క ఇక్కడ రెండో దెబ్బకే తప్పుతుంది. స్లిప్ జిగ్‌లో ఉన్నది ‘తకిట తకిట తకిట’. మూడు దెబ్బలు, దెబ్బకు మూడు మాత్రలు. తిశ్రగతిలో వేసిన రూపకం అనుకుంటే సరిపోతుంది.

6/8లో నడిచే డబుల్ జిగ్‌కూ దీనికీ తేడా ఒళ్లు పట్టుకున్నంత తేలిగ్గా కాగితం పట్టుకోదు. దెబ్బకో అడుగు చొప్పున గదిలో నడిచి చూడవచ్చు. డబుల్ జిగ్‌లో ఆవర్తానికి రెండడుగులు కాబట్టి ప్రతి ఆవర్తం అదే కాలితో మొదలవుతుంది. స్లిప్ జిగ్‌లో మూడడుగులు. ఒక ఆవర్తం కుడికాలితో మొదలైతే తర్వాతిది ఎడమకాలితో మొదలవుతుంది. ఈ బేసి లెక్క నాట్యానికి ఊగే గుణాన్ని ఇస్తుంది. ఫిడేలు కమానుకూ గిటారు మీటుకూ తంటాలు తెచ్చిపెట్టేదీ ఇదే. ఆ సంగతి కింద వస్తుంది.

నాట్యంలో స్లిప్ జిగ్‌కు మెత్తని తోలు బూట్లు వాడతారు. గట్టి బూట్ల టకటకలు ఉండవు. గాలిలో తేలడం, కాలివేళ్ల మీద జారడం ఎక్కువ. ఇప్పటి పోటీ వేదికల మీద దీన్ని ప్రధానంగా అమ్మాయిల నాట్యంగానే చూస్తున్నారు. పోటీల్లో దీని వేగం నిమిషానికి 113 దెబ్బల దగ్గర ఉంటుంది. ఆ లెక్కన ఒక ఆవర్తానికి పట్టేది దాదాపు 1.6 సెకన్లు. ‘ది బటర్‌ఫ్లై’లో మూడు భాగాలు. ఒక్కో భాగం నాలుగు ఆవర్తాలు, దాన్ని రెండుసార్లు వాయిస్తారు. మొత్తం 24 ఆవర్తాలు, అంటే 38 సెకన్లు. సెషన్ అలవాటు ప్రకారం మూడుసార్లు తిప్పితే రెండు నిమిషాల లోపే అయిపోతుంది. అంత చిన్న బాణీ ఇది.

నూటికి మూడు

మూడేసి మాత్రల గుంపులు మూడు పేర్చిన నాట్య బాణీలు ఐర్లండ్ సొంతం మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో ప్లేఫర్డ్ నాట్య సంకలనం 1695 నాటి ముద్రణలో చోటుచేసుకున్న ‘రోజర్ ఆఫ్ కవర్లీ’ ఈ తొమ్మిది లెక్కలోదే. పందొమ్మిదో శతాబ్దపు ఐరిష్ సేకర్తలు ఈ జాతి బాణీలను హాప్ జిగ్ అని కూడా రాసుకున్నారు. పి. డబ్ల్యు. జాయిస్ 1873లో అచ్చువేసిన సంకలనంలోని ‘హార్డిమన్ ద ఫిడ్లర్’ ఇప్పటికీ సెషన్లలో వినిపిస్తుంది.

స్లిప్ జిగ్‌లు ఎప్పుడూ తక్కువే. కార్క్ జిల్లాలో పుట్టి షికాగో నగర పోలీసు అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో తెచ్చిన పెద్ద సంకలనంలో 1,850 బాణీలున్నాయి. అందులో డబుల్ జిగ్‌లు 415, రీల్‌లు (నాలుగేసి మాత్రల నడకలో సాగే నాట్య బాణీలు) 380, స్లిప్ జిగ్‌లు 60. నూటికి మూడు కంటే కాస్త ఎక్కువ. ఈ నిష్పత్తిని మనసులో పెట్టుకోవాలి. రీల్‌లు వందల్లో తెలిసిన వాద్యగాడికి కూడా స్లిప్ జిగ్‌లు పదో పదిహేనో వస్తాయి. ఎవరో ఒకరు “స్లిప్ జిగ్ ఏదైనా వాయిద్దాం” అన్నప్పుడు అందరికీ తెలిసినవి రెండో మూడో తేలతాయి. పదేపదే అవే తిరుగుతాయి. తిరిగే కొద్దీ అరుగుతాయి, అరిగే కొద్దీ ఒకే నున్నటి రూపానికి వస్తాయి.

కూంబ్‌లోని ఇల్లు

డబ్లిన్ పాతనగరంలో లిబర్టీస్ అనే పేట ఉంది. అందులో కూంబ్ అనే వీధి. టామీ పాట్స్ కుటుంబం అక్కడిది. తండ్రి జాన్ పాట్స్ వెక్స్‌ఫర్డ్ జిల్లా నుంచి వచ్చిన ఇలియన్ పైపుల విద్వాంసుడు. ఈ పైపులకు గాలి నోటితో ఊదరు. మోచేతి కింద తిత్తి నొక్కి అందిస్తారు. ఆ ఇంటికి సంగీతకారుల రాకపోకలు ఎక్కువ. వచ్చినవారిలో బ్రెందాన్ బ్రానఖ్ ఒకరు. 1963లో మొదలైన ‘కియోల్ రింకె నా హేరన్’ సంపుటాలతో ఐరిష్ నాట్య బాణీల సేకరణకు శాస్త్రీయ పద్ధతి తెచ్చింది ఆయనే. జాన్ పాట్స్ దగ్గర విన్న బాణీలను ఆయన రాసి పెట్టుకున్నారు. ‘ది చీఫ్టెన్స్’ బృందంలో తొలినాటి టిన్ విజిల్ విద్వాంసుడు షాన్ పాట్స్ ఈ కుటుంబం వాడే. టామీకి సోదరుడి కొడుకు.

టామీ వృత్తి సంగీతకారుడు కాదు. డబ్లిన్ అగ్నిమాపక దళంలో పనిచేశారు. నాట్యానికి వాయించడం మీద ఆయనకు ఆసక్తి లేదు, కూర్చుని వినేవారికోసం వాయించారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్ చెవిలో పెట్టుకుని రీల్‌లను మలిచారు. స్వరం ఆగాల్సిన చోట ఆగకుండా పక్కకు జారడం, ఒక వాక్యానికి రెండు దెబ్బలు ఎక్కువ ఇవ్వడం ఆయన వాదనంలో మామూలు. ఈ శైలి మీద మీహాల్ ఓ సూలవాన్ బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి 1987లో డాక్టరేట్ సిద్ధాంత గ్రంథమే సమర్పించారు. నూతనత్వానికీ సంప్రదాయానికీ మధ్య పాట్స్ ఎక్కడ నిలబడ్డారన్నదే దాని విషయం.

పాట్స్ జీవితకాలంలో వచ్చిన సోలో రికార్డు ఒకే ఒక్కటి. 1972లో క్లాడా సంస్థ విడుదల చేసిన ‘ది లిఫీ బ్యాంక్స్’. ఫిడేలు ఒక్కటే, పక్కవాద్యం లేదు. ‘ది బటర్‌ఫ్లై’ బయటి ప్రపంచానికి దారి కట్టుకున్నది ఈ రికార్డు మీదుగా. బాణీ కర్తగా ఎక్కువమంది పాట్స్ పేరే చెబుతారు. పాత స్లిప్ జిగ్‌ల తునకలు ఇందులో కలిశాయనే వాదనా ఉంది. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఈ సంప్రదాయంలో కొత్త బాణీ కట్టడమంటే చాలాసార్లు ఉన్న అతుకులను విప్పి వేరే చోట కుట్టడమే. పైపుల ఇంట్లో పెరిగిన మనిషికి ఏ తునక ఎక్కడిదో విడదీసి చూడాల్సిన అవసరం కూడా పడదు.

స్వరాల లోపల

బాణీ ఇ మైనర్‌లో ఉంటుంది. ఇ స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే మొదటి భాగంలో తొలి ఆవర్తం ఇలా వస్తుంది (కామా ఒక మాత్ర సాగదీత):

ప , స | గ , స | రి , ,

రెండో ఆవర్తం:

ప , స | గ , స | రి స ని

చివరి నిషాదం మంద్రంలోది. మూడో ఆవర్తం మొదటిదే మళ్లీ. నాలుగోది:

ప , ని | ని , ప | మ రి ని

ఇక్కడా ఆఖరి నిషాదం మంద్రంలోనే ఆగుతుంది. నాలుగు ఆవర్తాల్లో మూడు ఒకే ముక్కతో మొదలవుతున్నాయి. ‘పొడుగు-పొట్టి, పొడుగు-పొట్టి’ అనే నడక, ఆ తర్వాత ఒక నిలుపు. నేర్చుకునేవాడికి ఇంతకంటే సులువైనది దొరకదు. బాణీ ఇంతగా పాకిపోవడానికి తొలి కారణం ఈ ముక్కే.

రెండో భాగం అదే నడకను పై స్థాయికి ఎత్తుతుంది. ‘ప , ని | స , రి | గ , ,’ అంటూ మధ్యస్థాయి పంచమం నుంచి తారస్థాయి గాంధారం దాకా మెట్లెక్కుతుంది. ఈ భాగం నాలుగో ఆవర్తంలో తారస్థాయి పంచమాన్ని తాకి ‘ప , మ | గ , స | ని ప మ’ అని ఒక్క ఊపున జారుతుంది. బాణీ మొత్తానికి అదే శిఖరం.

మూడో భాగం దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. మొదటి రెండు భాగాల్లో సాగిన స్వరం ఆవర్తం చివర వచ్చింది. ఇక్కడ అది ముందుకు వచ్చి కూర్చుంటుంది:

ప , , | ప , మ | గ , మ

బరువు మూడో దెబ్బ నుంచి మొదటి దెబ్బకు మారింది. ఎక్కడం, దిగడం అయిపోయాయి. బాణీ పంచమం చుట్టూ ఒక్కచోటే రెక్కలాడిస్తుంది. పేరు వినగానే సీతాకోకచిలుక గుర్తుకొచ్చేది ఈ భాగంలోనే. ఇక దీని నాలుగో ఆవర్తం, ‘ప , ని | గ , స | ని ప మ’, రెండో భాగంలోని రెండో ఆవర్తమే. కొత్తగా కట్టింది కాదు. అంటే 12 వేర్వేరు ఆవర్తాలున్నట్టు కనిపించే బాణీలో పునరుక్తులు తీసేస్తే మిగిలేవి ఎనిమిదో తొమ్మిదో.

మొత్తం స్వరాలను వరసపెట్టి చూస్తే ఒకటి కనిపించదు. షడ్జం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, నిషాదం ఉన్నాయి. ధైవతం ఎక్కడా లేదు. ఇ మైనర్ అని రాసేస్తారు గానీ, ధైవతం లేకపోతే బాణీ నటభైరవి ఛాయలో ఉందో ఖరహరప్రియ ఛాయలో ఉందో తేలదు. ఆ రెండు మేళాలకూ తేడా ధైవతమే మరి. బాణీ ఆ ప్రశ్నను వదిలేసింది. పక్కన గిటారు పట్టుకున్న మనిషి సి మేజర్ కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుత్తి) వేస్తే నటభైరవి, ఎ మేజర్ వేస్తే ఖరహరప్రియ. ఒక్క కార్డ్‌తో అతను తేల్చేస్తాడు, చాలాసార్లు తేల్చానని తెలియకుండానే. పాట్స్ ఫిడేలు ఒంటరిగా వాయించినప్పుడు ఆ తలుపు తెరిచే ఉంది.

ఇంకో సంగతి. ఏ భాగమూ షడ్జమం మీద ముగియదు. మొదటి భాగం మంద్ర నిషాదం మీద, మిగతా రెండూ మధ్యమం మీద ఆగుతాయి. ప్రతి ముగింపూ తర్వాతి ఎత్తుగడలోకి తోసేదే. ఇలియన్ పైపుల శ్రుతి గొట్టాలు డి స్వరంలో మోగుతాయి. ఇ మీద కూర్చున్న బాణీకి అది నిషాదం. కాబట్టి పైపుల మీద వాయిస్తే మొదటి భాగం మొదలంతా శ్రుతితో చిన్న పెనుగులాట నడుస్తుంది, ముగింపు వచ్చి శ్రుతిలో కలుస్తుంది. మైనర్‌లోని షడ్జమానికీ దాని కింది నిషాదానికీ మధ్య ఇలా ఊగే బాణీలు ఐర్లండ్, స్కాట్లండ్‌లలో కొల్లలు. పైపులు వాయించే జాతుల చెవి అలా అలవాటుపడింది.

బాణీ ఎలా బిగిసింది

1975లో ‘ది బోతీ బ్యాండ్’ తొలి రికార్డు వచ్చింది. ఇలియన్ పైపుల మీద ప్యాడీ కీనన్, వేణువు మీద మ్యాట్ మలోయ్, ఫిడేలు మీద టామీ పీపుల్స్, బూజూకీ అనే తీగ వాద్యం మీద డోనల్ లనీ, గిటారు మీద మీహాల్ ఓ డోనల్, క్లావినెట్ అనే విద్యుత్ కీబోర్డు మీద ఆయన చెల్లెలు ట్రీనా. అందులో ‘ది బటర్‌ఫ్లై’కి ఒక పూర్తి ట్రాక్ ఇచ్చారు. పాట్స్ రికార్డును సంగీతం లోతుగా ఎరిగినవాళ్లు విన్నారు. బోతీ బ్యాండ్ రికార్డును ఒక తరం కుర్రకారు మొత్తం వింది, దాన్ని చూసే వాద్యాలు కొనుక్కుంది.

ఈ రెండు రికార్డుల మధ్య తేడా మూడేళ్లే. కానీ పని పద్ధతి పూర్తిగా వేరు. ఒంటరి ఫిడేలుకు ఎటు తిరగాలన్నా అడ్డు లేదు. ఆరుగురు కలిసి వాయించాలంటే మొదట ఒక రూపం ఖాయం చేసుకోవాలి. బూజూకీ, గిటారు, క్లావినెట్ మూడూ తాళం పట్టుకుని ఉంటే మధ్యలో ఒకరు రెండు దెబ్బలు సాగదీయడం కుదరదు. బృందవాదనం స్వభావమే అది. అలా కుదురుకున్న బాణీని విని నేర్చుకున్నవాళ్లు ఆ రూపాన్నే ‘అసలు రూపం’ అనుకున్నారు.

ఆ తర్వాత పాఠ్య పుస్తకాలు వచ్చాయి. టిన్ విజిల్ నేర్పే పుస్తకాలకు ఈ బాణీ దేవుడిచ్చిన వరం. పరిధి సరిగ్గా డి విజిల్‌కు సరిపోతుంది. కింది డి నుంచి పై బి దాకా. పునరుక్తి ఎక్కువ, చిన్న ముక్కలు, ముఖ్యంగా తొమ్మిది మాత్రల లెక్కకు ఇంతకంటే తేటైన ఉదాహరణ ఉండదు. 1990ల మొదట్లో క్రిస్ వాల్షా రూపొందించిన, స్వరాలను అక్షరాలతో రాసే ఏబీసీ లిపి వచ్చాక ఈ బాణీ నాలుగైదు వరసల అక్షరాల్లో ఇమిడి ఈమెయిళ్లలో, వెబ్‌సైట్లలో తిరిగింది. ఒకరు రాసింది పది మంది నకలు చేసుకున్నారు. 2005లో ‘సెల్టిక్ ఉమన్’ అనే ఐరిష్ మహిళా బృందం తొలి ఆల్బమ్‌లో మరేడ్ నెస్బిట్ ఫిడేలు మీద దీన్ని వాయించారు. ఆ బృందం టెలివిజన్ కచేరీ ఐరిష్ సంగీతం ఎన్నడూ విననివారి ఇళ్లలోకీ వెళ్లింది.

కాగితం మీదికి ఎక్కిన బాణీ గట్టిపడుతుందన్నది అక్కడి సేకర్తలకు తెలిసిన సంగతే. ఓనీల్ సంకలనాల మీదా ఆ విమర్శ ఉంది. తెలుగువారికీ ఇది కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులు నొట్టుస్వర సాహిత్యాల్లో ‘వందే మీనాక్షి’కి వాడిన వరస ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐరిష్ బాణీది. మాలో అంటే కార్క్ జిల్లాలోని ఊరు. అది స్లిప్ జిగ్ కాదు, వేరే తాళం. కానీ కార్క్‌లో అదే బాణీ చేతులు మారుతూ వంకలు తిరుగుతుండగా, ఇక్కడ మాత్రం సంగీత పాఠాల్లో స్వరం తేడా లేకుండా నిలబడిపోయింది.

చేతికి వచ్చేసరికి

ఫిడేలు మీద మొదటి తప్పు మొదటి రెండు స్వరాల దగ్గరే జరుగుతుంది. పంచమం (బి) ఎ తీగ మీద చూపుడువేలితో వస్తుంది. షడ్జమం (ఇ) డి తీగ మీద అదే చూపుడువేలితో వస్తుంది. కొత్తవాళ్లు వేలు ఎత్తి పక్క తీగ మీద మళ్లీ పెడతారు. మధ్యలో ఖాళీ పడుతుంది, నడక కుంటుతుంది. చూపుడువేలిని అడ్డంగా రెండు తీగల మీదా ఒకేసారి పరిచి ఉంచి, కమానును మాత్రమే తీగ మార్చాలి. మొదటి భాగంలో రెండో ఆవర్తం చివరి నిషాదం (వేలు పెట్టని డి తీగ) వచ్చేదాకా ఆ వేలు కదలనక్కర లేదు.

కమాను లెక్క ఇంకా సూక్ష్మమైనది. ఒక్కో తకిటకు ఒక్కో కమాను చొప్పున, పొడుగు-పొట్టి జంటను కలిపి లాగితే ఆవర్తానికి మూడు కమానులు. మొదటి ఆవర్తం కిందికి లాగి మొదలుపెడితే రెండోది పైకి తోసి మొదలవుతుంది. పైన చెప్పిన కుడికాలు, ఎడమకాలు లెక్కే. నాలుగు ఆవర్తాలకు 12 కమానులు, సరి సంఖ్య కాబట్టి తిరిగి మొదటికి వచ్చేసరికి చేయి సరైన దిశలోనే ఉంటుంది. రెండో ఆవర్తం చివరి ‘రి స ని’ని ఒకే కమానులో కలిపినా, మూడు విడి కమానులతో వాయించినా ఫర్వాలేదు. ఒకటీ బేసి, మూడూ బేసి. దిశ చెడదు. చెడేది ఎక్కడంటే, ‘ప , స’ లాంటి జంటను ఒక్కసారి విడదీసి రెండు కమానులతో వాయించినప్పుడు. అక్కడి నుంచి అంతా తలకిందులవుతుంది. బరువు పడాల్సిన చోట తోపు కమాను వచ్చి శబ్దం పలచబడుతుంది. ఎందుకు పలచబడిందో వాయించేవాడికి అంతుచిక్కదు. విడదీయాలనుకుంటే అదే నాలుగు ఆవర్తాల్లో ఇంకో జంటను కూడా విడదీసి లెక్క సరిచేసుకోవాలి.

రెండో భాగం శిఖరంలోని బి, ఇ తీగ మీద నాలుగో వేలు. చిటికెనవేలు బలహీనంగా ఉన్నవాళ్లకు శ్రుతి తగ్గుతుంది. ముందు స్వరమైన ఎ మీద వేలు దిగగానే చిటికెనవేలిని తీగకు దగ్గరగా తెచ్చి ఉంచుకోవాలి.

టిన్ విజిల్ మీద బి అంటే ఒక్క రంధ్రం మూయడం, ఇ అంటే ఐదు. ఎత్తుగడలోనే నాలుగు వేళ్లు ఒక్కసారి దిగాలి. ఒకటి ఆలస్యమైతే మధ్యలో దొంగస్వరం పలుకుతుంది. ఈ రెండు స్వరాలను మాత్రమే తీసుకుని నిమిషానికి 60 దెబ్బల వేగంలో పది నిమిషాలు సాధన చేస్తే ఆ సమస్య దాదాపు పోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది భాగం చివర తీసుకుంటారు. అదే తప్పు, ఎందుకంటే బాణీ అక్కడ ఆగదు. ‘రి , ,’లో మూడో మాత్రను వదిలేసి అక్కడ ఊపిరి తీసుకుంటే తాళం చెడదు, బాణీకి ఎగిరే గుణమూ వస్తుంది. ప్రతి ఆవర్తంలోనూ కాదు, మొదటి భాగంలో ఒకసారి, రెండో భాగంలో ‘గ , ,’ దగ్గర ఒకసారి చాలు.

మూడో భాగం మొదటి పంచమం మీద రోల్ వేస్తారు. మూడు మాత్రల సాగిన స్వరాన్ని పై స్వరంతో ఒక చిటిక, కింది స్వరంతో ఒక చిటిక వేసి మూడుగా పలికించే గమకం అది. చిటికలు స్వరాలుగా వినపడకూడదు, దెబ్బలుగా వినపడాలి. మొదటి భాగంలోని రిషభం మీద, మూడో భాగంలోని పంచమం మీద, రెంటి మీదా ప్రతిసారీ రోల్ వేస్తే బాణీ ఊపిరాడక చస్తుంది. నిడివిని అలాగే నిలపడం కూడా ఒక అలంకారమే. పాతతరం వాద్యగాళ్లకు ఇది బాగా తెలుసు.

గిటారుకు ఆవర్తంలో తొమ్మిది మాత్రలు. పైకీ కిందికీ మార్చి మార్చి మీటితే రెండో ఆవర్తం పైమీటుతో మొదలై బరువు తప్పుతుంది. అందుకే జిగ్‌లకు ‘కింద-పైన-కింద’ అనే మూడింటిని ప్రతి తకిటకూ మళ్లీ మొదలుపెడతారు. వరసగా రెండు కిందిమీట్లు వస్తాయి. మొదట మణికట్టు మొరాయిస్తుంది, వారం రోజుల్లో అలవాటవుతుంది. కార్డ్‌ల విషయంలో మొదటి భాగానికి రెండు దెబ్బలు ఇ మైనర్, మూడో దెబ్బ డి మేజర్ చాలు. మూడో భాగాన్ని జి మేజర్ మీద పెడితే గదిలో కిటికీ తెరిచినట్టుంటుంది. సి మేజర్ జోలికి పోకపోవడమే మేలని ఈ వ్యాసం అభిప్రాయం. బాణీ కావాలని ఖాళీ ఉంచిన చోటును నింపినట్టవుతుంది.

బౌరాన్ అనే చేతి డప్పు వాయించేవాళ్లు 6/8 అలవాటులో రెండు తకిటలు కలిపి, మూడోదాన్ని తోకలా తగిలిస్తారు. 6+3 అయిపోతుంది. మూడు దెబ్బలకూ సమానమైన నిడివి, మొదటిదానికి కాస్త బరువు. అంతే కావాలి.

ఇక వేగం. సులువైన బాణీ కాబట్టి కొత్తవాళ్లు తోసుకుపోతారు. 130 దాటితే పొడుగు-పొట్టి తేడా పోయి అన్నీ ఒకే నిడివికి వస్తాయి. 95-105 మధ్య వాయిస్తే ప్రతి జంటలోని రెండో స్వరం విడిగా వినపడుతుంది.

బాణీని మళ్లీ కొంచెం కదిలించాలనుకునేవాళ్లకు పాట్స్ పద్ధతిలోనే దారులున్నాయి, ఆయనంత దూరం పోనక్కర్లేదు. మొదటి భాగం రెండోసారి వచ్చినప్పుడు మూడో ఆవర్తంలోని ‘రి , ,’ని ‘రి , స’గా మార్చవచ్చు. రెండో భాగం మొదటి ‘గ , ,’ దగ్గర పైకి పోకుండా అక్కడే నిలిచి, రెండోసారి మాత్రమే తారస్థాయి పంచమాన్ని తాకవచ్చు. సెషన్‌లో ఇరవైమంది మధ్య ఇలాంటివి వినపడవు. ఇద్దరు ముగ్గురున్నప్పుడు వినపడతాయి.

హక్కుల మాట కూడా ఒకటుంది. చాలా రికార్డుల మీద ఈ బాణీకి ‘సంప్రదాయం’ అని రాసి వదిలేస్తారు. పాట్స్ స్వీయరచనగా లెక్కిస్తే ఐర్లండ్ చట్టం ప్రకారం కర్త మరణానంతరం 70 ఏళ్లు, అంటే 2058 చివరిదాకా రక్షణ ఉంటుంది. భారత చట్టంలో అది 60 ఏళ్లు, 2048 చివరిదాకా. రికార్డు చేసి అమ్మకానికో యూట్యూబ్‌లోకో పెట్టేవాళ్లు ‘సంప్రదాయం’ అనేముందు పాట్స్ పేరు రాయడం న్యాయం.

చివరిగా, ఆగడం. ఏ భాగమూ షడ్జమం మీద ముగియదు కాబట్టి మూడోసారి మూడో భాగం పూర్తయ్యాక ‘ని ప మ’ మీద అందరూ ఆగిపోతే మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగినట్టుంటుంది. వేరే స్లిప్ జిగ్‌లోకి దూకబోతే ఆ ‘ని ప మ’ బాగా పనికొస్తుంది. ఓనీల్ సంకలనాల ద్వారా తెలిసిన ‘ద కిడ్ ఆన్ ద మౌంటెన్’ కూడా ఇ మీదే కూర్చుంటుంది కాబట్టి తర్వాత అది ఎత్తుకుంటే అతుకు తెలియదు. బాణీని అక్కడే ముగించాలంటే మాత్రం ఎత్తుకున్నవాళ్లు చివరి ఆవర్తంలో తల పైకెత్తి మిగతావాళ్లను చూడాలి. ‘ని ప మ’ తర్వాత తర్వాతి ఆవర్తపు మొదటి దెబ్బ మీద కింది షడ్జమం ఒక్కటే, అందరూ కలిసి, మూడు మాత్రలు నిలిపి వదిలేయాలి.